కుర్చీ దిగిన జట్టు

చిన్నప్పుడు ఒక్కచోట కాలు నిలిచేది కాదు కాబట్టి వాళ్ళ నాన్న ఆమెను పిచ్చుక అని పిలిచేవాడు. పెళ్ళయ్యాక ఆ పేరు భర్త నోటికి, అక్కడి నుంచి అత్తగారి నోటికి ఎక్కింది. పేరైతే అలాగే ఉంది గానీ, పిచ్చుక మాత్రం కొన్నేళ్ళుగా కుర్చీ దిగడం మానేసింది.

ఆమెది ఫోన్ ఉద్యోగం. బట్టలుతికే మిషన్లు, ఫ్రిజ్‌లు తయారుచేసే కంపెనీ ఒకటి. మిషన్ తిరుగుతోంది కానీ నీళ్ళు బయటికి పోవడం లేదని ఒకరు, ఫ్రిజ్ రాత్రంతా మూలుగుతోందని ఒకరు ఫోన్ చేస్తారు. వాళ్ళ కోపమంతా విని, ఊరడించి, చెప్పగలిగింది చెప్పి, మెకానిక్‌ను పంపే ఏర్పాటు చేయాలి. ఒకప్పుడు ఈ పని పెద్ద హాల్లో జరిగేది. కంపెనీ ఆ హాలు ఖాళీ చేసి అందర్నీ ఎవరిళ్ళకు వాళ్ళను పంపేసింది. అప్పటి నుంచి పిచ్చుక ఆఫీసు పడకగదిలో కిటికీకి, బీరువాకి మధ్య ఇరుక్కున్న బల్ల. ఆమె కింద ఒక చిన్న జట్టు కూడా ఉంది. వయసుతో పనిలేకుండా జట్టంతా ఆమెను అక్కా అనే పిలిచేది. ఒక్క బాబాయ్ తప్ప. ఆయన జట్టులో అందరికన్నా పెద్దవాడు, ఎవరైనా సరే ఆయన్ని బాబాయ్ అనాల్సిందే. ఆయన మాత్రం ఆమెను తల్లీ అనేవాడు.

అందరి స్క్రీన్ మీదా పైన ఒక మూల చిన్న గుండ్రటి గుర్తు ఉంటుంది. మనిషి సీట్లో ఉండి ఫోన్ అందుకుంటుంటే పచ్చగా, లేకపోతే ఎర్రగా. దాన్ని దీపం అనేవాళ్ళు. దీపం ఎంతసేపు ఎర్రగా ఉందో సాయంత్రానికల్లా మేనేజర్‌కు తెలిసిపోతుంది. ఆ దీపానికి భయపడే పిచ్చుక మంచినీళ్ళు తాగడం కూడా తగ్గించుకుంది. తాగితే లేవాలి కదా మరి.

ఇలా ఉండగా కంపెనీ వాళ్ళు ఆర్భాటంగా కోచ్‌ను తెచ్చారు. అది మనిషి కాదు, కృత్రిమ మేధ. హెడ్‌ఫోన్లో ఆడగొంతుతో మాట్లాడుతుంది. "చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు. లేచి నాలుగడుగులు వేద్దామా?" అంటుంది. వెంటనే స్క్రీన్ మీద రెండు బొత్తాలు వస్తాయి. ఒకటి చేశాను, రెండోది చేయలేదు. చేయలేదని నొక్కితే ఎందుకు, ఏమిటి, ఒంట్లో బాగాలేదా అని ఆరా తీస్తుంది. అవతల ఫోన్లు వరసకట్టి ఉంటే దీనికి సంజాయిషీ ఇచ్చుకునే తీరిక ఎవరికుంటుంది? పిచ్చుక కళ్ళు స్క్రీన్ మీద నుంచి తిప్పకుండానే చేశాను అని నొక్కేసేది. జట్టులో అందరిదీ అదే దారి.

ఒకరోజు మధ్యాహ్నం తలుపు గంట మోగింది. అత్తగారు స్నానానికి వెళ్ళింది. తలుపు తీసి వద్దామని పిచ్చుక గబుక్కున లేచింది. లేవడం సగంలోనే ఆగిపోయింది. నడుములో ఏదో కలుక్కుమంది, ఒక కాలు తిమ్మిరెక్కి తనది కానట్టయింది. బల్ల అంచు పట్టుకుని వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. పైకి లేవలేదు, కూర్చోలేదు. హెడ్‌ఫోన్లో ఎవరో పెద్దాయన, నా మాట వినపడుతోందా అమ్మా, అని అడుగుతూనే ఉన్నాడు. వినపడుతోంది సార్, చెప్పండి అని ఆ వంగిన మనిషే జవాబు చెప్పింది. తలుపు బయట గంట మోగీ మోగీ ఆగిపోయింది. అత్తగారు వచ్చి చూసి లబోదిబోమంది. లిఫ్ట్ మెకానిక్‌గా పనిచేసే భర్త పని మధ్యలో వదిలేసి వచ్చి, ఆమెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లు దింపి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టర్ ఎక్స్‌రే చూసి ఎముకలకు ఏమీ కాలేదన్నాడు. కూర్చుని కూర్చుని నడుము కండరాలు పనికిరాకుండా పోతున్నాయట. కొన్నాళ్ళు ముందుకు వంగకూడదు, బరువులెత్తకూడదు. మాటిమాటికీ లేవాలి, నడవాలి. ఇలాగే సాగితే ఆపరేషన్ దాకా వెళ్తుందని, అప్పుడు తాను చేయగలిగింది కూడా పెద్దగా ఉండదని మొహం మీదే చెప్పాడు.

మంచం మీద ఉన్నన్నాళ్ళూ పిచ్చుక కప్పు వైపు చూస్తూ ఒకటే ఆలోచించింది. మందులు వేసుకుంటే నొప్పి తగ్గుతుంది. తగ్గాక మళ్ళీ అదే కుర్చీ, అదే దీపం. ఆపరేషన్ బల్ల ఎక్కేదాకా ఇదే వరస. అలా జరగనివ్వకూడదని ఆమె గట్టిగా అనుకుంది. అనుకున్నాక ఇక పట్టు విడిచే మనిషి కాదు.

మళ్ళీ పనిలో కూర్చున్న మొదటి రోజే కోచ్ పలకరించింది. నడుం ముందుకు వంచి కాలివేళ్ళు అందుకొమ్మంది. పిచ్చుకకు ఒళ్ళు మండింది. వంగొద్దని డాక్టర్ చెబితే ఇదేమిటని చేయలేదు నొక్కింది. ఎందుకని అడిగితే ఉన్నమాట చెప్పేసింది.

"ఇన్నాళ్ళూ నేను ఒక్కసారి కూడా లేవలేదు. ఊరికే చేశాను అని నొక్కాను. ఇప్పుడు నడుం పట్టేసింది."

"చెప్పడం మంచిదైంది," అంది కోచ్. "రోజూ చేస్తున్నారనుకుని మీకు కష్టమైనవి ఇస్తూ పోయాను. మీ గురించి నేననుకున్నదంతా తప్పన్నమాట. మొదటి నుంచి మొదలుపెడదాం. డాక్టర్ ఏమేం వద్దన్నారు?"

పిచ్చుక చెప్పింది. అది విని, అయితే ఇవాళ్టికి వ్యాయామం మాట వద్దు, లేచి కిటికీ దాకా వెళ్ళి బయట ఏముందో చూసి రండి చాలంది. పిచ్చుక గోడ పట్టుకుని వెళ్ళింది. కింద వీధిలో ఎవరో సైకిల్ చైను ఎక్కించుకుంటున్నారు. ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు గాలికి ఉబ్బుతున్నాయి. తిరిగొచ్చేసరికి దీపం ఎర్రగా ఉంది. చూసి, చూడనట్టే కూర్చుంది.

అలా రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయింది. కిటికీ దాకా, వంటింటి దాకా, తర్వాత మెట్ల మలుపు దాకా. గోడకు వీపు ఆనించి భుజాలు తిప్పడం, బల్ల పట్టుకుని మడమలు లేపడం నేర్చుకుంది. కోచ్ గొంతు హెడ్‌ఫోన్లో సరిగా అందడం లేదని స్పీకర్లో పెడితే అవతలి గదిలో అత్తగారి చెవిన కూడా పడింది. మోకాళ్ళ నొప్పులని ఇంట్లో ఎవరేం చెప్పినా ససేమిరా కదలని మనిషి, కోచ్ లేవమన్నప్పుడల్లా తనూ లేవడం మొదలుపెట్టింది.

"నేను చెప్తే వినరు గానీ దాని మాట వింటున్నారేంటి అత్తయ్యా?" అని పిచ్చుక అడిగింది.

"అది నీలా కసురుకోదే," అంది అత్తగారు. "పాపం, ఎన్నిసార్లు కాదన్నా మళ్ళీ మర్యాదగానే అడుగుతుంది కోచమ్మ."

నడుము దారికొచ్చింది కానీ ఆఫీసులో దారి మూసుకుపోయింది. నెల తిరక్కముందే మేనేజర్ ఫోన్ చేశాడు. ఆయన చెడ్డవాడు కాదు, పైవాళ్ళంటే భయం, అంతే. పిచ్చుక దీపం ఎర్రగా ఉండే సమయం బాగా పెరిగిందనీ, ఇంతవరకు జట్లన్నిటిలో ముందుండే ఆమె పేరు కిందికి జారిపోయిందనీ నీళ్ళు నములుతూ చెప్పాడు. కోచ్ లేవమంటేనే లేస్తున్నానని ఆమె చెప్పింది. అది నిజమే కానీ భోజనం టైములో లేవచ్చు కదా మేడమ్ అన్నాడాయన.

"కోచ్‌ని ఇచ్చింది మీరే. దీపం పెట్టిందీ మీరే. ఒకటి లేవమంటుంది, ఒకటి లేస్తే ఊరుకోదు. నేను దేని మాట వినాలి సార్?"

 ఆయన, మిగతా అందరూ రెండింటి మాటా వింటున్నారు కదా మేడమ్, కోచ్ చెప్పినట్టు దాదాపు జనమంతా లేస్తున్నారని పైవాళ్ళకు రిపోర్టు వెళ్తోంది, డైరెక్టరమ్మ ఆ సంగతి సభల్లో కూడా చెప్పుకుంటోంది అన్నాడు.

ఫోన్ పెట్టేశాక పిచ్చుక చాలాసేపు ఆ మాటే ఆలోచించింది. లేవకుండా లేచామని అందరూ నొక్కుతున్నారు. ఆ అబద్ధాలన్నీ కలిసి పైకి వెళ్ళి గొప్ప విజయమై కూర్చున్నాయి. అంతా బాగుందని పైవాళ్ళు అనుకుంటున్నంతకాలం ఈ దీపం జోలికి ఎవరూ రారు. మరి బాగాలేదని వాళ్ళకు తెలిసేదెలా? దానికి దారి చేతికిందే ఉంది. చేయలేదు అనే రెండో బొత్తాం.

మర్నాడు జట్టు అంతా కలుసుకునే వేళ ఆ సంగతి చెప్పింది. ఎవరినీ బలవంతం చేయనంది. లేస్తే లేచామని నొక్కండి, లేవకపోతే లేవలేదని నొక్కండి, ఎందుకు లేవలేదని కోచ్ అడిగితే దీపం వల్లనని ఒక్క ముక్క చెప్పండి, అంతకన్నా ఏమీ వద్దు అంది. కొత్తగా పెళ్ళయిన పిల్ల ఒకతె, అందరూ పెళ్ళికూతురా అనే పిలుస్తారు, మొదట సరేనంది. మిగిలినవాళ్ళు గొణిగారు, ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకున్నారు. బాబాయ్ మాత్రం, నా వయసులో ఈ ఉద్యోగం పోతే ఇంకొకటి ఎవడిస్తాడు తల్లీ, నన్ను వదిలెయ్ అన్నాడు. ఆమె వదిలేసింది.

పెళ్ళికూతురికి వేరే జట్లలో స్నేహితులున్నారు. మాట ఆ నోటా ఈ నోటా పాకింది. అంతవరకు పైపైకి వెళ్ళిన కోచ్ లెక్క ఒక్కసారిగా పాతాళానికి పడిపోయింది.

అనుకున్నట్టే పై నుంచి పిలుపు వచ్చింది. జట్టు పెద్దలందరితో వీడియో మీటింగ్. డైరెక్టరమ్మ మొహం గంటు పెట్టుకుని కూర్చుంది. కోచ్ వల్ల ఉపయోగం లేదని తేలిపోయిందనీ, జనానికి దాని మీద మోజు తీరిపోయిందనీ, అందుకని దాన్ని తీసేద్దామనుకుంటున్నామనీ చెప్పింది.  తాను అడగబోయింది ఒకటి, జరగబోయేది ఒకటి. మేనేజర్ స్క్రీన్లో నుంచే కళ్ళతో వద్దు వద్దంటున్నా ఆమె నోరు విప్పింది.

"మేడమ్, కోచ్ పాడవలేదు. ఇన్నాళ్ళూ మేం దానికి అబద్ధం చెప్పాం, ఇప్పుడు నిజం చెప్తున్నాం, అంతే తేడా. నేను లేవకుండా లేచానని నొక్కీ నొక్కీ ఒకరోజు నిలబడలేకపోయాను. మావారు ఎత్తుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. అది లేవమన్నప్పుడు లేచిన ఆ కాసేపూ దీపం ఎర్రగా మారకుండా చూడండి. కోచ్ పనిచేస్తుందో లేదో అప్పుడు చెప్పండి."

 డైరెక్టరమ్మ, మనుషులంతా లేచి తిరుగుతుంటే అవతల ఫోన్లో ఎదురుచూసేవాళ్ళ గతేమిటని అడిగింది. అది న్యాయమైన ప్రశ్నే. దానికి తన దగ్గర ఇప్పుడు జవాబు లేదనీ, తన జట్టుకు కొన్నాళ్ళు గడువిస్తే చేసి చూపిస్తాననీ పిచ్చుక చెప్పింది. ఒక నెల మీ జట్టుకు లేచినప్పుడు దీపం ఎర్రబడకుండా చూస్తాను, ఫోన్లు వేచి ఉండే సమయం పెరిగితే నెల నిండక ముందే ఆపేస్తాను అంది డైరెక్టరమ్మ.

ఆ సాయంత్రం భర్తకు ఈ సంగతి చెబితే ఆయన నవ్వి, నడుం నొప్పి మనిషివి, నువ్వే నడుం బిగించావా అన్నాడు. మర్నాడు పనికి వెళ్ళే ముందు ఇస్త్రీ బల్ల కాళ్ళకు చెక్క దిమ్మలు బిగించి ఆమె మోచేతుల ఎత్తుకు లేపాడు. ఊగకుండా బోల్టులు కూడా వేశాడు. కాసేపు నిలబడి పని చేసుకోవడానికి అది సరిగ్గా సరిపోయింది. ఇస్త్రీ బట్టలు మంచం మీదికి మారాయి. అత్తగారు నాలుగు రోజులు సణిగి మానేసింది.

నెల మొదలైన రోజే దెబ్బ తగిలింది. అందరూ ఒకే వేళకు కూర్చుంటారు కాబట్టి కోచ్ అందర్నీ ఇంచుమించు ఒకేసారి లేపింది. జట్టు జట్టంతా ఒక్కసారి లేచేసరికి ఫోన్లు గుట్టలు పడ్డాయి. మూడు రోజులు అలాగే నడిచింది. ఇలాగైతే వారం కూడా నిలవదని మేనేజర్ తల పట్టుకున్నాడు. పిచ్చుక నేరుగా కోచ్‌నే అడిగింది, అందర్నీ ఒకేసారి లేపకుండా ఉండలేవా అని.

"నాకు ఫోన్ల వరస కనిపించదు," అంది కోచ్. "ఎవరు ఎంతసేపు కూర్చున్నారన్నదే నాకు తెలుసు. ఆ వరస నాకు చూపిస్తే, రద్దీ తగ్గినప్పుడు ఒకరి తర్వాత ఒకరిని లేపగలను. అది మీ కంపెనీ వాళ్ళు చేయాలి."

ఆమె మేనేజర్‌ను పట్టుకుంది. ఆయన సాఫ్ట్‌వేర్ వాళ్ళను పట్టుకోవాలి. వాళ్ళకు అంతకన్నా ముఖ్యమైన పనులు బోలెడున్నాయట. మామూలుగా అయితే ఆయన అక్కడితో చేతులెత్తేసేవాడే. ఈసారి ఎందుకో ఎత్తలేదు. తన మెడ కూడా పట్టేసి ఏడాదైందని, పక్కకు తిరగాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వస్తోందని ఆమెతో మొదటిసారి అన్నాడు. రెండు రోజులు వాళ్ళ వెంటపడి, తిట్లు తిని, ఆ పని చేయించుకొచ్చాడు. అప్పటి నుంచి కోచ్ పిలుపు ఒక్కొక్కరికీ వేరువేరుగా రాసాగింది. ఫోన్ల గుట్ట కరిగింది. కాస్త ఊపిరాడింది.

బాబాయ్ మాత్రం లేవలేదు. ఎర్రబడే భయం ఇప్పుడు లేకపోయినా ఆయన కుర్చీ కదలలేదు. పిచ్చుక ఫోన్ చేసి అడిగితే, పొద్దున్నే చాలా దూరం నడిచొచ్చాను తల్లీ, మళ్ళీ ఎందుకు అన్నాడు. ఇంకోసారి ఇంట్లో చుట్టాలున్నారన్నాడు. మూడోసారి ఫోనే ఎత్తలేదు. ఆయన కోచ్‌తో ఏం మాట్లాడుతున్నాడో ఆమెకు తెలియదు. ఒకరి మాట ఇంకొకరికి అది చెప్పదు, చెప్పకూడదు కూడా.

ఒకరోజు పొద్దున పని మొదలైన కాసేపటికి ఆయన దగ్గర నుంచే ఫోన్ వచ్చింది. గొంతు ఎప్పటిలా లేదు.

"అందర్నీ లేవమనే నీ కోచ్ నన్ను మాత్రం నడవొద్దంటోంది తల్లీ."

మెల్లగా అడిగి, ఆగి, మళ్ళీ అడిగితే అంతా బయటపడింది. ఆయనకు ఎన్నో ఏళ్ళుగా షుగర్. కాలివేలి కింద ఎప్పుడో చెప్పు కరిచిన పుండు మానలేదు. గుడ్డ చుట్టుకుని, మేజోడు తొడుక్కుని దాచేశాడు. రోజూ లేవమంటున్న కోచ్ మీద ఆ పొద్దున విసుగొచ్చి, కాలు కింద పెట్టలేక చస్తుంటే నీ గోలేంటి అని అరిచాడు. అది నొచ్చుకోలేదు. ఎక్కడ నొప్పి, రంగు మారిందా, వేళ్ళకు స్పర్శ తెలుస్తోందా, షుగర్ ఉందా అని ఒక్కొక్కటే అడిగింది. అన్నీ విని, ఇక నడవొద్దని, ఇది తాను చెప్పగలిగిన సంగతి కాదని, ఇవాళే డాక్టర్‌కు చూపించుకోవాలని, ఇంట్లో ఎవరికైనా వెంటనే చెప్పమని అంది. ఆ చివరి మాట దగ్గరే ఆయన ఆగిపోయాడు. ఆయన ఉండేది కూతురింట్లో. అల్లుడు మంచివాడే గానీ, సంపాదిస్తున్నంతవరకే తనకు ఆ ఇంట్లో విలువని ఆయనకు ఒక దిగులు.

"వాళ్ళకి చెప్పే ధైర్యం లేదమ్మా. రెండ్రోజులు చూద్దామనుకుంటున్నా."

"రెండ్రోజులు కాదు బాబాయ్, రెండు నిమిషాలు కూడా చూడొద్దు. మీ అమ్మాయిని పిలవండి. నేను లైన్లోనే ఉంటాను. మీరు చెప్పలేకపోతే నేను చెప్తాను."

 దూరంగా ఆయన కూతురిని పిలవడం వినిపించింది. చెప్పాల్సిన మాట ఆయనే చెప్పాడు. మేజోడు తీశాక కూతురు పెట్టిన ఏడుపు విని పిచ్చుక హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టేసింది.

ఆసుపత్రిలో ఒక వేలు తీసేయాల్సి వచ్చింది. ఇంకొంచెం ఆలస్యమైతే పాదమే పోయేదని డాక్టర్లు అన్నారట. అల్లుడు పగలూ రాత్రీ మంచం పక్క నుంచి కదల్లేదని, మావయ్యా ఇంత దాచిపెడతారా అని కేకలేశాడని కూతురు ఫోన్లో చెప్పింది.

జట్టులో ఒక మనిషి తగ్గాడు. నెల ఇంకా సగం మిగిలే ఉంది. మేనేజర్ మంచి ఉద్దేశంతోనే, ఇప్పుడు ఆపేస్తే ఎవరూ తప్పుపట్టరు మేడమ్, మనిషి లేడని చెప్పుకోవచ్చు అన్నాడు. ఆపేస్తే మళ్ళీ మొదలుపెట్టనిచ్చేవాళ్ళు ఉండరని ఆమెకు తెలుసు. బాబాయ్ వంతు ఫోన్లు కూడా తన వరసలోకే మళ్ళించమంది.

ఆ వారంలోనే గాలివాన వచ్చింది. కరెంటు పోతూ వస్తూ, వచ్చినప్పుడల్లా ఎక్కువతక్కువలై ఇళ్ళల్లో ఫ్రిజ్‌లు, మిషన్లు వరసబెట్టి కాలిపోయాయి. ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. అవతల గొంతులన్నీ నిప్పులు కక్కుతున్నాయి. పిచ్చుక ఇస్త్రీ బల్ల ముందు నిలబడి, కాలు మార్చి కాలు మీద బరువు వేస్తూ ఒక్కొక్కరికీ జవాబు చెప్పింది. మధ్యలో స్క్రీన్ మీద జట్టు చాట్‌లో పెళ్ళికూతురు అడిగింది, ఇవాళ్టికి లేవడం వదిలేద్దామా అక్కా అని. అందరూ ఆమె జవాబు కోసం చూస్తున్నారు. వదిలేద్దామని రాయడానికి ఆమె వేళ్ళు లేచాయి కూడా. ఫోన్లో ఎవరో ముసలావిడ మందులు ఫ్రిజ్‌లో పెట్టుకున్నాను, పాడైపోతాయి తల్లీ అని ఏడుస్తోంది. ఆవిడకు పక్కింటివాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పి, మెకానిక్‌ను ముందు అక్కడికే పంపి, అప్పుడు రాసింది.

"ఇవాళ వదిలితే రేపూ వదులుతాం. ఎక్కువసేపు వద్దు. లేచి, భుజాలు దులుపుకుని, నీళ్ళు తాగి కూర్చోండి. కానీ అందరూ లేవాలి."

లేచారు. ఒకరి తర్వాత ఒకరు, పిలుపు వచ్చినప్పుడల్లా. గాలివాన మూడు రోజులు నడిచింది, ఆ మూడు రోజులూ లేచారు. సాయంత్రాలకు పిచ్చుక గొంతు బొంగురుపోయింది, కాళ్ళు లాగాయి. కానీ నడుము పట్టలేదు. మెట్లు ఒకసారి ఎక్కి దిగివచ్చి, అది నిజమేనా అని నడుము తనే ఒత్తి చూసుకుంది.

నెల అయ్యాక మళ్ళీ మీటింగ్. ఫోన్లో ఎదురుచూసే సమయం ఒక్క పిసరు పెరిగింది. గాలివాన లేకపోతే అదీ పెరిగేది కాదని మేనేజర్ అన్నాడు. ఆయన అలా ఎదురుమాట చెప్పడం అందరికీ ఆశ్చర్యమే. ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టినవాళ్ళు బాబాయ్ తప్ప ఆ జట్టులో ఆ నెల ఎవరూ లేరు. డైరెక్టరమ్మ కాగితాలు అటూ ఇటూ తిప్పి, గొప్ప లాభం కనిపించడం లేదు, నష్టమూ లేదు అంది. పగటి జట్లన్నిటికీ దీపం ఏర్పాటు మారుస్తామంది. తర్వాత, కాలు దక్కిన ఆ పెద్దాయన కథ కంపెనీ పత్రికలో వేస్తే అందరికీ బాగుంటుందని కూడా అంది. ఆయన సంగతి ఆయన్నే అడగాలి, ఆయన వద్దంటే లేదు అని పిచ్చుక గట్టిగా చెప్పింది. సాయంత్రం ఫోన్ చేసి అడిగితే బాబాయ్ ఒప్పుకున్నాడు.

"వేసుకోమను తల్లీ. కానీ ఫోటో మొహానిది వేయమను, కాలిది వద్దు."

ఆయన ఇంకొన్నాళ్ళకు పనిలోకి వచ్చాడు. కోచ్ ఆయనకు కుర్చీలోనే కూర్చుని చేసేవి చెబుతోంది. చేతులు పైకెత్తి దించుతుంటే మనవరాలు పక్కన చేరి తనూ ఎత్తుతోందట. పుండు పూర్తిగా ఆరాక నడక సంగతి డాక్టర్ చూస్తానన్నాడు.

పిచ్చుకకు సంతోషమే, కానీ పూర్తిగా కాదు. రాత్రి జట్లను ఆ ఏర్పాటులో కలపలేదు. రాత్రిపూట మనుషులు తక్కువ, వీలుపడదు అన్నారు. వాటిలో ఒక జట్టుకు పెద్ద ఒకతె ఉంది, ఎప్పుడూ చూడని మనిషి. పొద్దున్నే పని దిగుతూ పిచ్చుకకు ఫోన్ చేసి, మా నడుములు నడుములు కావా అక్కా అని అడిగింది. ఆ గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ వినిపించింది.

పిచ్చుక ఆమెను నిద్రపోయి లేచాక మళ్ళీ మాట్లాడమంది. రాత్రి ఏ వేళల్లో ఫోన్లు పలచబడతాయో, ఎంతమంది ఉంటారో అప్పుడు చెప్పమంది. తర్వాత మేనేజర్‌కు ఫోన్ చేసింది. ఆయన విషయం వినగానే నిట్టూర్చి, మేడమ్, ఇప్పుడే కదా ఒకటి అయింది, నాలుగు రోజులు ఆగండి అన్నాడు. ఆగలేనని, ఈ వారంలోనే డైరెక్టరమ్మతో మాట్లాడే వేళ కుదర్చమని చెప్పి, ఆయన సరే అనేదాకా ఫోన్ పెట్టలేదు. మాట్లాడుతూనే గదిలో నుంచి వంటింట్లోకి, వంటింట్లో నుంచి వరండాలోకి నడుస్తున్న కోడలిని చూసి అత్తగారు దారిలోని కుర్చీ పక్కకు లాగింది.